సవరణ: డార్విన్ ముందే చెప్పిన మడగాస్కర్ మాత్

మడగాస్కర్‌లోని పొడవు నాలుక మాత్ (సీతాకోకచిలుకను పోలిన, రాత్రిపూట తిరిగే పురుగు) గురించి ఇటీవలి పోస్టులో రెండు విషయాలు సరిచేయాలి.

ఆ పోస్టులో దీన్ని ఆఫ్రికా ఖండంలో ఉండే మోర్గన్ హాక్‌మాత్‌కు (హాక్‌మాత్ అంటే వేగంగా ఎగిరే పెద్ద మాత్‌ల రకం) ఉపజాతి అని చెప్పడం జరిగింది. చాలా పాత పుస్తకాల్లో ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది. కానీ ఆకారంలో, జన్యువుల్లో తేడాలు చూసి 2021లో దీన్ని విడి జాతిగా గుర్తించారు. ఇప్పుడు పేరు జాంతోపాన్ ప్రెడిక్టా. మడగాస్కర్ దీని ఏకైక సొంత నేల.

రెండోది ఇంకా ముఖ్యం. "డార్విన్ బతికుండగానే ఆ మాత్ దొరికింది" అన్న వాక్యాన్ని కొట్టేసి చదవండి. 1862లో ఆయన మడగాస్కర్ నుంచి వచ్చిన ఓ తెల్లటి ఆర్కిడ్‌ను పరిశీలించారు. దాని తేనె గొట్టం దాదాపు 30 సెంటీమీటర్లు, తేనె మాత్రం అడుగునే ఉంది. అంత నాలుక ఉన్న మాత్ అక్కడ ఉండి తీరాలని రాశారు. 1867లో ఆయన సమకాలీన ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ ఇంకో అడుగు ముందుకేసి, అది హాక్‌మాతే అవుతుందని, వెతికితే దొరుకుతుందని చెప్పారు. వాలెస్ పేరు చాలామంది వదిలేస్తారు, అది అన్యాయం. డార్విన్ 1882లో చనిపోయారు. కీటక శాస్త్రవేత్తలు రోత్‌చైల్డ్, జోర్డాన్ ఈ మాత్‌ను శాస్త్రీయంగా వర్ణించింది 1903లో.

అప్పటికీ చేతిలో ఉన్నది పురుగు, దాని పొడవైన నాలుక మాత్రమే. అది ఆ పువ్వు మీద తేనె తాగడం, పుప్పొడి మోయడం కళ్లారా చూసి నమోదు చేయడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది.