చందమామలో ఆ పన్నెండు సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు

ఎవరైనా పాత చందమామ సీరియల్ పేజీ ఒకటి పెడితే చాలు, అందరం చిన్నతనంలోకి వెళ్లిపోతాం. "చిత్ర గారి బొమ్మలు చూశారా!" అంటాం. నిజమే, ఆ బొమ్మలు అద్భుతం. బొమ్మ మూలన సంతకం ఉంటుంది కాబట్టి చిత్ర గారి పేరు మనకి తెలుసు. కథ రాసిన మనిషి పేరు మాత్రం ఆ పేజీలో ఎక్కడా ఉండదు. అందుకే సగంమంది అవి చందమామ సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారివి అనుకుంటారు, మిగతా సగం అసలు ఆలోచించరు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, కోపంగా కూడా ఉంటుంది.

తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. 1954లో మొదలై పాతికేళ్ల పాటు వచ్చిన ఈ పన్నెండూ ఒక్క మనిషి రాసినవి. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో గుంటూరు జిల్లాలో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో మద్రాసు వెళ్లి చందమామ ఆఫీసులో చేరారు. 2006 దాకా అక్కడే ఉన్నారు. 2010 జనవరిలో పోయారు.

"అది చందమామ పద్ధతండీ, సంపాదక వర్గంలో ఎవరి పేరూ వేసేవారు కాదు, కుటుంబరావు గారి పేరు మాత్రం వేశారా?" అని ఒక వాదన ఉంది. ఈ వాదన నాకు అస్సలు ఎక్కదు. కుటుంబరావు గారికి బయట 'చదువు' లాంటి నవలలున్నాయి, వందల కథలూ వ్యాసాలూ ఉన్నాయి. చందమామలో పేరు లేకపోయినా తెలుగు సాహిత్యంలో ఆయన స్థానం ఆయనకుంది. దాసరి గారికి ఉన్నదంతా దాదాపు ఇదే. బొమ్మరిల్లు పత్రికలో వచ్చిన మృత్యులోయ లాంటివి కొన్ని పక్కన పెడితే, ఆయన జీవితకాలపు పని మొత్తం ఆ చందమామ పేజీల్లోనే ఉంది. అక్కడ పేరు తీసేస్తే ఆయనకి ఇంకేం మిగిలింది?

కథ మీద పేరు ఉంటే ఏమవుతుందో చూడండి. అమెరికాలో 1930లలో చవక కాగితం మీద 'వియర్డ్ టేల్స్' అనే పత్రిక వచ్చేది. టెక్సస్‌లో ఒక చిన్న ఊళ్లో కూర్చుని రాబర్ట్ ఇ. హోవర్డ్ దానికి కత్తి యుద్ధాల, మంత్రగాళ్ల కథలు రాసేవాడు. కోనన్ అనే వీరుడు 1932 డిసెంబర్ సంచికలో పుట్టాడు. హోవర్డ్‌కి డబ్బులు సరిగ్గా అందేవి కావు, 1936లో ముప్పై ఏళ్లకే చనిపోయాడు. కానీ కథ మీద అతని పేరు ఉంది. ఆ పేరు పట్టుకునే తర్వాతివాళ్లు కథలన్నీ వెతికి పుస్తకాలు వేశారు, కామిక్స్ వచ్చాయి, సినిమాలు వచ్చాయి, అతను ఉన్న ఇంటిని మ్యూజియం చేశారు. ఈ రకం రచనకి సాహిత్యంలో ఒక పేరు, ఒక చరిత్ర ఏర్పడ్డాయి. మన దగ్గర అదే రకం రచనని పాతికేళ్లు నిలబెట్టిన మనిషిని "చందమామ కథలు" అనే గంపలో వేసేశాం.

పైగా "పిల్లల కథలు కదా" అని ఒక చిన్నచూపు. ఒక్కసారి ఇప్పుడు కూర్చుని శిథిలాలయం చదవండి. కథానాయకుల్లో ఒకడైన శిఖిముఖి శబర యువకుడు. జానపదం అంటే రాజకుమారుడే హీరో అనుకునే రోజుల్లో అడవి మనిషిని నాయకుణ్ణి చేశారు, పక్కన విక్రమకేసరిని తోడు పెట్టారు. ఈ జంటల విషయంలో ఆయన్ని మించినవాళ్లు లేరంటాను. యక్షపర్వతంలో ఖడ్గవర్మది కత్తి బలం, జీవదత్తుడిది విద్య. మాయాసరోవరంలో జయశీలుడు నిదానం, శూలం పట్టుకుని తిరిగే సిద్ధసాధకుడు దూకుడు. వాళ్లు ప్రాణాపాయంలో ఉండి కూడా ఒకళ్లనొకళ్లు ఆట పట్టించుకుంటుంటే, చదివేవాడికి భయం, నవ్వు ఒకేసారి వస్తాయి. అలా రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లకి తెలుసు.

ఇక మాంత్రికులు. రాకాసిలోయలో బ్రహ్మదండి మాంత్రికుణ్ణి గుర్తు చేసుకోండి. మంత్రాలున్నాయి, దండం ఉంది, కానీ లోపల ఉన్నది ధనాశ, పిరికితనం. మంత్రశక్తి అంటే మనిషి ఆశకి దొరికిన ఒక ఆయుధం మాత్రమే అన్నట్టు రాస్తారు. కష్టం వచ్చినప్పుడు దేవుడు ప్రత్యక్షమై గట్టెక్కించడం ఈ సీరియల్స్‌లో దాదాపు కనిపించదు. రాకాసిలోయ కథానాయకులు కేశవుడూ జయమల్లూ తమ తెలివితో, విల్లుతో, స్నేహంతో బయటపడాలి. దేవుళ్ల వరాలతో నిండిన మన జానపద సంప్రదాయంలో ఇది చిన్న విషయం కాదు.

భాష సంగతి కూడా చెప్పాలి. నెలకి కొద్ది పేజీలు. మొదట జరిగిన కథ చెప్పాలి, మధ్యలో కథ కదలాలి, చివర ఎవడో ఒకడు చావు అంచున నిలబడాలి, "ఇంకా ఉంది" అనాలి. వర్ణనకి చోటు లేదు, ఆ పని చిత్ర గారి బొమ్మ చూసుకుంటుంది. అందుకే ప్రతి వాక్యంలో ఏదో ఒకటి జరుగుతుంది. పైగా అవి ఇతర భాషల చందమామల్లోకీ వెళ్లేవి. హిందీలోనో తమిళంలోనో చదివి పెరిగినవాళ్లకి కూడా ఈ కథల వెనుక ఉన్నది ఒక గుంటూరు జిల్లా మనిషి అని తెలియదు.

యక్షపర్వతం తర్వాత ఈ సీరియల్స్ ఆపి బంకించంద్రుడి 'దుర్గేశనందిని' లాంటి బెంగాలీ నవలలు వేశారు. చందమామ నడిపిన చక్రపాణి గారికి ఈ రకం కథలంటే పెద్ద ఇష్టం లేదని చెబుతారు. 1976లో మాయాసరోవరంతో దాసరి గారు మళ్లీ వచ్చారు. భల్లూక మాంత్రికుడి తర్వాత మాత్రం చందమామకి ఆయన చేత కొత్త సీరియల్ రాయించుకోవాలనిపించలేదు. పాతవే మళ్లీ మళ్లీ వేసుకున్నారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ రచయిత అదే ఆఫీసులో ఉన్నారు! నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

అభిమానులు పూనుకోవడం వల్ల తర్వాత ఈ సీరియల్స్ ఆయన పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. కొనండి. పేజీలు స్కాన్ చేసి పంచుకునేవాళ్లు పైన ఆయన పేరు రాయండి. తెలుగులో ఫాంటసీ గురించి వ్యాసాలు రాసేవాళ్లు విదేశీ పేర్లతో పాటు ఈ పేరూ రాయండి. ఇంతవరకూ ఒక్కటీ చదవనివాళ్లు శిథిలాలయంతో మొదలుపెట్టండి, అది అయ్యాక రాకాసిలోయ.