‘తెల్లవాళ్ల జబ్బు మన పిల్లలకెందుకొస్తుంది?’ అనే మెసేజ్‌కి జవాబు

ఊపిరితిత్తుల్లో, అరుగుదల రసాలిచ్చే క్లోమంలో జిగురు చిక్కబడి పేరుకునే జన్యు జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: “సిస్టిక్ ఫైబ్రోసిస్ తెల్లవాళ్ల జబ్బు. మేనరికం చేసుకుంటే తప్ప మనకు రాదు. జన్యు పరీక్ష డబ్బు దండగ, జబ్బు తేలినా మందు లేదు. ఊళ్లో పిల్లల డాక్టర్ చాలు.” దీన్ని నమ్మి పరీక్ష వాయిదా వేస్తే నష్టపోయేది పసిబిడ్డ. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

తెల్లవాళ్ల జబ్బు: యూరప్ మూలాలున్నవాళ్లలో ఎక్కువన్నది నిజమే. కానీ ఢిల్లీ ఎయిమ్స్, వెల్లూరు సీఎంసీ ఏళ్లుగా మన పిల్లలకే దీనికి వైద్యం చేస్తున్నాయి. మన దగ్గర ఇది చాలాసార్లు వేరే పేర్ల కింద దాగిపోతుంది. తగ్గని దగ్గుకు టీబీ మందులు వాడిస్తారు. జిడ్డుగా, భరించలేని వాసనతో విరేచనాలవుతుంటే అరుగుదలకు టానిక్ పట్టిస్తారు. ఎంత తిన్నా ఒళ్లు పట్టకపోతే దిష్టి తీస్తారు. ఈ మూడూ ఒకే బిడ్డలో కనిపిస్తే ఆగి ఆలోచించాలి. నుదుటి మీద ముద్దు పెడితే ఉప్పగా తగలడం, చెమట ఆరాక చర్మం మీద తెల్లటి ఉప్పు కనిపించడం కూడా గుర్తులే.

1948లో న్యూయార్క్‌లో ఎండలు మండిపోయినప్పుడు వడదెబ్బతో ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లు ఉండటం అక్కడి వైద్యులు గమనించారు. ఆ దారిలోనే వెళ్లి, వీళ్ల చెమటలో ఉప్పు ఎక్కువని 1953లో డాక్టర్ పాల్ డి సాంటాగ్నీస్ బృందం తేల్చింది. న్యూయార్క్ ఎండకే అలా అయితే రెంటచింతల, రామగుండం ఎండల మాటేమిటి? వాంతులు, విరేచనాలు పెద్దగా లేకుండానే పసిబిడ్డ వాడిపోయి, రక్తంలో సోడియం, పొటాషియం పడిపోతే ఈ అనుమానం రావాల్సిందే.

మేనరికం: అది అవకాశాన్ని పెంచుతుంది, అంతే. ఈ జబ్బుకు మూలం సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో లోపం. ఆ జన్యువుకు మనందరిలో రెండు ప్రతులుంటాయి. ఒక్కదానిలోనే లోపం ఉంటే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, అందుకే తరాలు గడిచినా బయటపడదు. అలాంటివాళ్లిద్దరు కలిస్తే, బంధుత్వం ఉన్నా లేకపోయినా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. లోపం ఇద్దరి నుంచీ రావాలి కాబట్టి కోడలిని ఆడిపోసుకోవడం ఘోరం.

పరీక్ష దండగ: మొదట చేసేది చెమట పరీక్ష. ముంజేతి మీద పైలోకార్పిన్ మందున్న ప్యాడ్ పెట్టి కొన్ని నిమిషాలు సన్నటి కరెంటు పంపుతారు. కాస్త చిమచిమలాడుతుంది, సూది ఉండదు. తర్వాత అరగంట చెమట సేకరించి క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్, అంతకుమించి ఉంటే జబ్బుందనే లెక్క. 30 నుంచి 59 మధ్య ఉంటే జన్యు పరీక్షతో తేల్చుకోవాలి.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఈ జన్యువులో 2,000కు పైగా మార్పులు నమోదయ్యాయి. యూరప్‌లో ఎక్కువమందిలో కనిపించే ఎఫ్508డెల్ అనే మార్పు వాటా మన రోగుల్లో తక్కువ. కాబట్టి కొన్ని మార్పులనే వెతికే ప్యానెల్‌లో నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకోకండి. జన్యువు మొత్తం చదివే పరీక్ష అడగండి. బిడ్డలో దొరికిన మార్పులను తల్లిదండ్రులిద్దరిలోనూ చూస్తేనే తర్వాతి కాన్పు గురించి ముందే మాట్లాడుకోగలరు. గర్భానికి 11 వారాలు దాటాక మాయ (ప్లాసెంటా) నుంచి నమూనా తీసి చూడొచ్చు. లింగ నిర్ధారణ మీద 1994లో వచ్చిన చట్టం నిషేధించింది ఆడా మగా చెప్పడాన్ని. జన్యు జబ్బుల పరీక్ష రిజిస్టరైన కేంద్రాల్లో చట్టబద్ధమే. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది.

మందు లేదు: అబద్ధం. మూల లోపం మీదే పనిచేసే ట్రైకాఫ్టా అనే మాత్రకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎవరికి పనిచేస్తుందో చెప్పేది జన్యు రిపోర్టే. అక్కడ దాని ధర ఏడాదికి 3 లక్షల డాలర్ల పైమాటే. ప్రాణం నిలిపే మాత్రకు ఇంత ధరేమిటని నాకూ కోపమే. కానీ ఆ మాత్రలు రాకముందే చాలామంది పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాలు చేశారు. భోజనంతోపాటు అరుగుదలకు ఎంజైమ్ క్యాప్సూల్, ఎ, డి, ఇ, కె విటమిన్లు, అదనపు ఉప్పు, ఉప్పునీటి నెబ్యులైజేషన్, రోజూ కఫం వదిలించే ఫిజియోథెరపీ, వేళకు యాంటీబయాటిక్స్: వాళ్లను నిలబెట్టింది ఇవే. విరేచనాలవుతున్నాయని ఇంట్లో పెద్దలు నెయ్యి మాన్పిస్తారు. క్లోమం దెబ్బతిన్న ఈ పిల్లలకు ఎంజైమ్‌తో కలిపి నెయ్యి ఇంకా ఎక్కువ పెట్టాలి.

పిల్లల డాక్టర్ చాలు: జ్వరానికి, టీకాలకు ఆయనే దిక్కు. కానీ బిడ్డ బాగున్నా మూడు నెలలకోసారి కఫం కల్చర్ చేయించి, ఊపిరితిత్తులను పాడుచేసే సూడోమోనాస్ బాక్టీరియా కనిపించగానే తరిమికొట్టడం, బరువును బట్టి ఎంజైమ్ మోతాదు మార్చడం ఈ జబ్బును తరచూ చూసే బృందానికి తెలిసిన పని. ఒకరి క్రిములు ఇంకొకరికి అంటకుండా ఈ రోగులను ఒకే చోట కూర్చోనివ్వరు కూడా. మీ డాక్టర్‌తో గొడవ పడక్కర్లేదు. “సార్, స్వెట్ క్లోరైడ్ టెస్ట్‌కి రాసిస్తారా?” అని ఈ వారమే అడగండి.