సవరణ: క్రెష్ నుంచి ఇంటికొచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్

హ్యాండ్ ఫుట్ మౌత్ (చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు వచ్చే పిల్లల అంటువ్యాధి) గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో "పొక్కులు ఎండితే ఇక అంటదు, చేతులకు శానిటైజర్ చాలు" అని ఉంది. ఆ రెండు మాటలూ ఇలా మార్చి చదువుకోండి.

పొక్కులు మాడిపోయాక కూడా పిల్లల మలంలో వైరస్ కొన్ని వారాల పాటు బయటికొస్తూనే ఉంటుంది. డైపర్ మార్చిన చేత్తోనే పాలసీసా మూత తిప్పుతాం, ఇంకో బిడ్డకు గోరుముద్దలు పెడతాం. ఇంట్లోవాళ్లకు అంటుకునే దారుల్లో ఇదొకటి. పెద్దవాళ్లకు ఒక్క పొక్కూ రాకపోవచ్చు, అయినా వాళ్ల నుంచి మరొకరికి సోకుతుంది.

ఇక శానిటైజర్ సంగతి. ఈ జబ్బు తెచ్చే కాక్సాకీ వైరస్‌కు, దాని జాతి ఎంటెరోవైరస్‌లకు పైన కొవ్వు పొర ఉండదు. అందుకే ఆ పొర ఉన్న కరోనా మీద పనిచేసినంతగా శానిటైజర్‌లోని ఆల్కహాల్ వీటి మీద పనిచేయదు. సబ్బు రాసి, గోళ్ల సందులతో సహా కనీసం 20 సెకన్లు రుద్ది, పారే నీళ్లలో కడగాలి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కూ అంతే.

అలాగని బిడ్డను వారాల తరబడి ఇంట్లో కూర్చోబెట్టక్కర్లేదు, టెన్షన్ పడకండి. జ్వరం తగ్గి, నోటిపుండ్ల వల్ల కారే చొంగ ఆగి, హుషారుగా ఆడుకుంటుంటే క్రెష్‌కు పంపొచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే మాత్రం డాక్టరు చెవిన ఒక మాట వేయండి.