బియ్యం మార్చాం, ముద్ద తగ్గించలేదు

షుగర్ ఉందని తెలిసిన మర్నాడు మన ఇళ్లలో మొదట మారేది బియ్యం బస్తా. పాలిష్ బియ్యం పోయి దంపుడు బియ్యం వస్తుంది, లేదంటే కొర్రలు, తెలంగాణ సోనా రకం బియ్యం. రాత్రికి చపాతీ. మూడు నెలలు పోయాక, ఆ మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తే 8.4 కాస్తా 8.2 అయి ఉంటుంది. ‘అన్నం మానేసినా దిగట్లేదండీ’ అని డాక్టర్ దగ్గర వాపోతాం. ఏ మేరకు మానేశామో మాత్రం ఎవరూ కొలవరు.

కొలవడం పెద్ద పనేం కాదు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు నిండా బియ్యం పోస్తే సుమారు 150 గ్రాములు. బియ్యంలో నూటికి 78 వంతులు పిండిపదార్థమే, అంటే కప్పుకు 117 గ్రాములు. అంతే తూకం కొర్రలైతే 90 పైచిలుకు. తేడా ఉంది. కానీ ‘మంచివే కదా’ అని ఇంకో గరిటె వడ్డించుకుంటే అది అక్కడికక్కడే చెల్లు. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలో 20 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది కాబట్టి మూడు చపాతీలు తింటే 200 గ్రాముల అన్నం తిన్నట్టే. రాగిజావను గ్లాసులకు గ్లాసులు తాగేవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా 1.21 లక్షల మందిపై చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ షుగర్ సర్వేలోని తిండి లెక్కలను 2025లో వైద్య పత్రిక ‘నేచర్ మెడిసిన్’లో ప్రచురించారు. మన శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందట. మొత్తం తగ్గించకుండా తెల్లబియ్యం, మైదా స్థానంలో గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టుకున్నవాళ్లలో షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. ఆ వాటాలో కొంత పప్పులకో పాల పదార్థాలకో ఇస్తే ముప్పు తగ్గుతుందని తేలింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దనే చెప్పింది.

మరి అన్నం ఎందుకు తగ్గదు? నాకర్థమైనంతలో చిక్కు మన భోజనం వరసలోనే ఉంది. పప్పులోకి కాస్త అన్నం, కూరలోకి కాస్త, చారులోకి కాస్త, చివర పెరుగులోకి. మనం కూర తినం, కలుపుకుంటాం. ఎన్ని రకాలు వండితే అన్నిసార్లు అన్నం పడుతుంది. అందుకే ‘కూరలు ఎక్కువ తినండి’ అనే సలహా మన పళ్లెంలోకి వచ్చేసరికి ఎక్కువ అన్నంగా మారిపోతుంది. పైగా ఉప్పూ కారం అన్నానికి సరిపడా వేస్తాం. ఉత్త కూర తింటే నోరు మండుతుంది.

మా అమ్మ విషయంలో బియ్యం రకం జోలికి పోలేదు. పప్పులోకి అన్నం కలపడం ఎత్తేశాం. ముద్దపప్పులా గట్టిగా వండి, ఉప్పు సగం వేసి, గిన్నెలో చెంచాతో ఇచ్చాం. ‘జ్వరం మనిషికి పెట్టినట్టు ఇదేంట్రా’ అంది. తర్వాత చారన్నం పోయింది, చారు గ్లాసులోకి ఎక్కింది. ఉదయం నాలుగు ఇడ్లీలు రెండయ్యాయి, పక్కన ఉడికించిన గుడ్డు చేరింది.

మూడో వారం, పదకొండు గంటలప్పుడు చెమటలు పట్టి చేతులు వణికాయి. గ్లూకోమీటర్‌లో షుగర్ 62కి పడిపోయింది. తప్పు నాదే. తిండి తగ్గించాను, షుగర్‌ను దించే గ్లిమిపిరైడ్ మాత్ర మోతాదు తగ్గించమని డాక్టర్‌ని అడగలేదు. ఆయన సగం చేశాక మళ్లీ అలా కాలేదు. యూట్యూబ్ డైట్ వీడియోల్లో చాలావాటిలో దొరకని ముక్క ఇది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడి, ఆ తర్వాతే అన్నం తగ్గించాలి. షుగర్‌ను మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు వేసుకుంటూ పిండిపదార్థం దాదాపు పూర్తిగా మానేస్తే, మీటర్‌లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ఆస్పత్రి పాలవ్వొచ్చు. కిడ్నీ సమస్య ఉంటే ప్రొటీన్ పెంచడం కూడా అడిగి చేయాల్సిన పనే.

అన్నం పూర్తిగా బంద్ పెట్టి కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపుల మీద బతికే డైట్ కొన్నేళ్ల కిందట మన ఊళ్లను ఊపేసింది. బరువు తగ్గినవాళ్లు నాకూ తెలుసు. ఆ బరువును నిలబెట్టుకున్నవాళ్లు మాత్రం తక్కువ. 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో 23 ట్రయల్స్‌ను కలిపి చూశారు. ఆరు నెలలకు, తక్కువ పిండిపదార్థం తిన్నవాళ్లలో 57 శాతం మందికి షుగర్ అదుపులోకొస్తే మిగతావాళ్లలో 31 శాతమే. ఏడాది తిరిగేసరికి ఆ తేడా పలచబడిపోయింది. ఎవరు మాత్రం ఏడాదంతా పెళ్లిళ్లు, పండగలు దాటుకుంటూ అలా తినగలరు? అసలు కీలకం బరువే. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ (DiRECT) అనే ట్రయల్‌లో కేలరీలు బాగా కోసిన షేకులు, సూపులు ఇచ్చారు. 15 కిలోలకు పైగా తగ్గినవాళ్లలో 86 శాతం మంది ఏడాదికి మందుల్లేకుండా అదుపులోకి వచ్చారు. అన్నం తగ్గించి పప్పూ గుడ్డూ పెంచితే ఆకలి కాస్త మాట వింటుంది కాబట్టి మనకు అది సులువైన దారి, అంతే.

సులువు అనేది కూడా చేతిలో డబ్బున్నవాళ్లకే. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఉచితం, ఇప్పుడు సన్నబియ్యమే. రోజుకు 200 గ్రాములు, అందులో 156 గ్రాములు పిండిపదార్థం. కూలి మనిషికి షుగర్ వస్తే ‘అన్నం తగ్గించి పప్పు, గుడ్లు తినండి’ అంటాం. తగ్గించమన్నది ఊరికే వస్తుంది, తినమన్నది కొనుక్కోవాలి. ఒక కిలో బియ్యం బదులు కిలో కందిపప్పు తీసుకునే వీలు ఆ రేషన్ షాపులోనే ఎందుకు ఉండకూడదు?

అమ్మ హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 7.1. ఆర్నెల్లలో నాలుగు కిలోలు తగ్గింది. కూరన్నం పిడికెడయింది. పెరుగన్నం దగ్గర మాత్రం బేరం కుదరలేదు. ‘మజ్జిగ తాగి లేచిపోతే భోంచేసినట్టా?’ అంటుంది. ఆ ఒక్కటీ వదిలేశాను.