వంశధార వెంబడి ఒక బస్సు వేయండి

ఆదివారం పొద్దున్న అరసవల్లిలో అడుగు తీసి అడుగేయలేం, విశాఖ నుంచి, విజయనగరం నుంచి వచ్చిన కార్లు, టెంపోలు రోడ్డు మీదే బారులు తీరి ఉంటాయి. దర్శనం అయిపోతుంది, ప్రసాదం కొనుక్కుంటారు, ఇంకాస్త టైం ఉన్నవాళ్లు శ్రీకూర్మం వెళ్లి రెండు ధ్వజస్తంభాలు, నక్షత్ర తాబేళ్లు చూసుకుని భోజనాల వేళకి మళ్లీ హైవే ఎక్కేస్తారు. శ్రీకాకుళం చూసేశాం అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. ఇంకా ఏముందో చెప్పే మనిషిని గానీ తీసుకెళ్లే బండిని గానీ మనం పెట్టలేదు.

మేము అడిగేది చాలా చిన్నది. వంశధార నదిని పట్టుకుని కొండల నుంచి సముద్రం దాకా ఒక్కరోజు ప్రయాణం, దానికో బస్సు.

పొద్దున్నే సీతంపేట ఏజెన్సీలో మొదలెట్టొచ్చు. 2022లో జిల్లాలు విడగొట్టాక అది మన్యం జిల్లాలోకి పోయింది గానీ కొండలకీ ఏటికీ ఆ గీతలతో పనేముంది. మెట్టుగూడ జలపాతం, ఆడలి వ్యూపాయింట్, రోడ్డు పక్కన సవర గిరిజన ఆడవాళ్లు కుప్పలు పోసి అమ్మే అనాసపళ్లు, కొండచీపుర్లు. జలపాతం దగ్గర మాత్రం మనవాళ్లు చేసే పని చూస్తే ఏడుపొస్తుంది, బిర్యానీ పొట్లాలు, సీసాలు ఆ రాళ్ల మధ్యే వదిలేసి పోతున్నారు, ఆ నీళ్లు కింద ఊళ్లవాళ్లు వాడుకుంటారన్న ఆలోచన కూడా లేకుండా.

అక్కణ్ణించి హిరమండలం గొట్టా బ్యారేజీ మీదుగా దిగితే శ్రీముఖలింగం. ఒకప్పుడు కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. పూరీ జగన్నాథుడి గుడికి పూనుకున్న చోడగంగదేవుడు ఈ వంశంవాడే. ఇక్కడి స్వామి మధుకేశ్వరుడు, మధూకం అంటే ఇప్పచెట్టు. సవరల ఇప్పచెట్టులోంచే శివుడు వెలిశాడని స్థలపురాణం చెప్తుంది, అంటే పొద్దున్న మనం చూసొచ్చిన అడవే ఇక్కడ గర్భగుడిలో ఉందన్నమాట. శివరాత్రికి, చక్రతీర్థ స్నానాలకి ఒడిశా నుంచి కూడా జనం విరగబడి వస్తారు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం పూట వెళితే సోమేశ్వరాలయం గోడల మీద శిల్పాల దగ్గర మనమూ పావురాలూ తప్ప ఎవరూ ఉండరు.

ఆ పక్కనే పర్వతాలపేట, గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టిన ఊరు. ముఖలింగం గుడి శాసనాల్ని ఎవరూ నేర్పకుండా పుస్తకాలు కొనుక్కుని సొంతంగా చదివింది ఆయన, సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసింది ఆయన, 1919లో శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. ఈ పత్రికలో మేమివాళ ఇలా మాట్లాడే తెలుగు రాయగలుగుతున్నామంటే అదీ ఆయన చలవే. కొండ, గుడి, స్తూపం మూడూ ఆయన పట్టించుకున్నవే, అందుకే ఈ దారికి ఆయన పేరు పెట్టమంటున్నాం.

శాలిహుండం కొండెక్కితే ఇటుకల స్తూపాలు, చైత్యాలు, కింద వంశధార ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా సముద్రం వైపు పోతూ కనిపిస్తుంది. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికిన చోటు ఇది, హీనయానం నుంచి వజ్రయానం దాకా బౌద్ధం ఇక్కడ వందల ఏళ్లు బతికింది. ఆమధ్య మా వాళ్లు ఎండవేళ వెళ్తే గుక్కెడు నీళ్ల కోసం మళ్లీ కిందికి దిగాల్సొచ్చింది. ఆడవాళ్లు, పిల్లలతో వచ్చేవాళ్ల మాటేంటి? సాయంత్రానికి కళింగపట్నం, పాత రేవు, లైట్‌హౌస్, నది సముద్రంలో కలిసే చోటు.

జనం చూసుకోరు, పాడు చేస్తారు అనేవాళ్లు ఒకసారి టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లిరండి. గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు అక్కడ చలికాలంలో గూళ్లు కట్టి పిల్లల్ని పెడతాయి, చింతచెట్ల మీద, ఇళ్ల నెత్తిన. రెట్టలు పడతాయి, చేపల నీచు వాసన ఊరంతా, అయినా రాయి విసిరేవాడు లేడు. ఆడపిల్ల పురిటికి పుట్టింటికొచ్చినట్టే చూసుకుంటారు. సైబీరియా పక్షులని అందరూ అంటాం గానీ గూడబాతు మన దక్షిణాసియా పక్షే, బోర్డుల మీద అలా రాసి ఉంటే సరిచేస్తే బావుంటుంది.

కాబట్టి పెద్ద రిసార్టులు ముందు వద్దు. ఆయా ఊళ్ల కుర్రాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి గైడ్లుగా పెట్టండి, సీతంపేటలో సవర పిల్లలకి, ముఖలింగంలో ముఖలింగం వాళ్లకి. ప్రతిచోటా నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, తెలుగులో, ఒడియాలో ఒక బోర్డు. జలపాతం దగ్గర ప్లాస్టిక్ ఆపే మనిషికి నెలనెలా జీతం.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, గిడుగు వారి పుట్టినరోజు. ఏటా ఊరూరా విగ్రహాలకి దండలు వేస్తాం, ఫొటోలు దిగుతాం. ఈసారి ఆ రోజు పొద్దున్న ఆరు గంటలకి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మొదటి బస్సు బయల్దేరదీయండి, టికెట్ కొనుక్కుని మేమూ ఎక్కుతాం.