ప్యాకింగ్‌కి అమ్మాయిలు, షిఫ్ట్‌కి అబ్బాయిలు

మార్చి 8 వస్తే చాలు, ఫ్యాక్టరీల్లో ముగ్గుల పోటీ, గులాబీలు, కేక్. ఫొటోలో ముందు వరుస నిండా యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు. "మా ప్లాంట్‌లో ఇంతమంది మహిళలు" అని హెచ్‌ఆర్ వాళ్ల పోస్ట్. సంతోషం. వాళ్లలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌లు ఎందరు, మెయింటెనెన్స్‌లో ఎందరు అని కింద కామెంట్ పెట్టి చూడండి. లైక్ కూడా కొట్టరు.

శ్రీసిటీలో ఫోన్లు బిగించేదీ, అచ్యుతాపురంలో బట్టలు కుట్టేదీ ఎక్కువగా ఆడపిల్లలే. ఓపిక ఎక్కువ, చెయ్యి నాజూకు, యూనియన్ గొడవలు ఉండవు అని తీసుకుంటారు. మూడోది మాత్రం పైకి అనరు.

నేను ఫార్మాలో, టాబ్లెట్లు తయారయ్యే వైపు పనిచేస్తాను. ఇక్కడ మేనేజర్ కావాలంటే షిఫ్ట్ నడిపి ఉండాలి. షిఫ్ట్ నడపాలంటే మెషీన్ మొరాయించినప్పుడు ఏం చేయాలో తెలియాలి. మెషీన్ పగలే మొరాయించాలని రూలేం లేదు కదా! రాత్రి రెండింటికి కంప్రెషన్‌లో, అంటే మందుపొడిని మాత్రలుగా నొక్కే చోట, మాత్రల పైపెచ్చు లేచిపోతుంటుంది. క్యాపింగ్ అంటాం. గ్రాన్యూల్స్ (నొక్కడానికి సిద్ధం చేసిన మందు పలుకులు) మరీ ఎండిపోయాయా, స్పీడ్ ఎక్కువైందా, వాటిని నొక్కే పంచ్‌లు అరిగాయా అన్నది అప్పటికప్పుడు తేల్చాలి. స్పీడ్ తగ్గించి, నాలుగు మాత్రలు చేత్తో విరిచి చూసి, హార్డ్‌నెస్ చెక్ చేసి, మళ్లీ నడిపి... ఇదంతా సీనియర్ పక్కన నిలబడితేనే వస్తుంది. ఆ నిలబడే ఛాన్స్ అబ్బాయికి చేరిన నెలలోనే దొరుకుతుంది. అమ్మాయిని మాత్రం "రాత్రుళ్లు నీకెందుకమ్మా ఇబ్బంది" అని డాక్యుమెంట్ల పనికో, జనరల్ షిఫ్ట్‌కో పంపేస్తారు. ఎంత ప్రేమో! పదేళ్ల తర్వాత ప్రమోషన్ ఇంటర్వ్యూలో అదే పెద్దమనిషి "షాప్‌ఫ్లోర్ అనుభవం తక్కువగా ఉందమ్మా" అంటాడు.

ఈ ప్రేమ ఇప్పటిది కాదు. ఆడవాళ్లు ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకానే పనిచేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ చెప్పింది. 22వ సెక్షన్ ఇంకా ముచ్చటైనది. తిరుగుతున్న ఇంజిన్‌నీ, దాని షాఫ్టులూ బెల్టులనూ శుభ్రం చేయడం, ఆయిల్ వేయడం లాంటి పనులు ఆడవాళ్లతోనూ పిల్లలతోనూ చేయించకూడదట. మరి మగవాడి వేలు పడితే బెల్టు వదిలేస్తుందా? ప్రమాదం ఉంటే బెల్టుకి అడ్డంగా గార్డు బిగించాలి గానీ ఆడవాళ్లను పక్కకు నెట్టడమేంటి? రాత్రి పని నిషేధాన్ని మద్రాస్ హైకోర్టు 2000లోనే కొట్టేసింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం ఆమె ఒప్పుకుంటే రాత్రి షిఫ్ట్ చేయొచ్చు, భద్రత బాధ్యత యాజమాన్యానిది. కాగితం మీద అడ్డు తొలగింది. సూపర్‌వైజర్ల బుర్రల్లో మాత్రం 66వ సెక్షన్ ఇంకా రద్దు కాలేదు.

భద్రత సంగతేంటి అంటారా? నిజమే, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. హైవే మలుపులో దింపేసి వెళ్లిపోయే బస్సుతో రాత్రి షిఫ్ట్ చేయమంటే నేనూ వద్దంటాను. ఇంటి సందు దాకా దింపండి. 30 మందికి మించి ఆడవాళ్లుంటే పిల్లల గది పెట్టాలని ఆ పాత చట్టమే చెప్పింది. నేను చూసిన ఒకచోట ఆ గది నిండా పాత కార్టన్లే.

ఇక "మేడమ్‌ల మాట టీమ్ వినదు" అనే వాదన. షిఫ్ట్ నా చేతికొచ్చిన కొత్తలో స్పీడ్ తగ్గించమంటే ఒక ఆపరేటర్ "ఒక్కసారి సార్‌ని అడిగి చెప్తా మేడమ్" అనేవాడు. ఆ సార్ నా జూనియర్! నేనేం అరవలేదు. నా సంతకం లేకుండా బ్యాచ్ కదలదని ఆయనకే అర్థమైంది. ఇప్పుడు మెషీన్ శబ్దంలో కాస్త తేడా వచ్చినా మొదటి ఫోన్ నాకే. సంతకం చేతికివ్వకుండా మాట వినరంటే ఎలా?

కాబట్టి ప్లాంట్ హెడ్‌లకు నా విన్నపం. మహిళా నాయకత్వం మీద సెమినార్ తర్వాత పెట్టుకోవచ్చు. వచ్చే ట్రైనీల బ్యాచ్‌లో అమ్మాయిలను కూడా గ్రాన్యులేషన్, కంప్రెషన్, మెయింటెనెన్స్ అన్నీ తిప్పండి. నైట్‌కి ఒక్కర్తినే కాకుండా ఇద్దరు ముగ్గురిని కలిపి వేయండి. కుదరనివాళ్లు కుదరదనే చెప్తారు, ముందు అడగండి. అలాగే స్టోర్స్‌కి ఫోన్ చేసి ఆడవాళ్ల పాదాలకు పట్టే 4వ నంబర్ సేఫ్టీ షూ ఉందేమో కనుక్కోండి. లేకపోతే ఇవాళే ఇండెంట్ పెట్టించండి.