ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 తాతకు, కందుకూరు నుంచి

తాతా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలం నీకూ లేదు, నీ వల్ల నాకూ లేదు. 2022 నాకు బాగా గుర్తు. ఏప్రిల్‌లో మా కందుకూరును ప్రకాశం జిల్లా నుంచి తీసి నెల్లూరులో కలిపారు, జూన్ 15న మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ పాత బ్రౌజరువైన నీకు రిటైర్మెంట్ ఇచ్చి పంపేశారు. జిల్లా మారినా కొన్నాళ్లు మేం అడ్రసులో ప్రకాశం అనే రాసేవాళ్లం, చేతి అలవాటు. నువ్వు మాత్రం పోనే పోలేదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో విండోస్ 7 మిషను మీద అట్టాగే కూర్చుని ఉన్నావు.

నా సంగతి చెప్తా. పగలు ఉద్యోగం, రాత్రి ఓపెన్ సోర్స్. తేదీ ఎంచుకునే చోట పక్కనే తిథి కూడా చూపించే చిన్న కాంపొనెంట్, అంటే ఎవరైనా తమ వెబ్ పేజీలో పెట్టుకునే ముక్క, ఒకటి రాసి ఫ్రీగా వదిలాను. అంతే, ఎవరో ఒకాయన రాశాడు: "మా ఆఫీసులో తెల్ల పేజీ వస్తోంది, అర్జెంటుగా చూడగలరు." నాకు జీతమిచ్చే మేనేజరు కూడా ఎప్పుడూ అంత దర్జాగా అడగలేదు.

చూస్తే, అక్కడా కూర్చున్నది నువ్వే. ఆ తెల్ల పేజీకి కారణం నా కోడ్‌లోని ఒక బాణం గుర్తు. కొత్త జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ రాసే బాణం. 2013లో పుట్టిన నీకు అది తెలియదు, సరే, తెలియకపోతే ఆ ఒక్క లైను వదిలేసి ముందుకు పోవచ్చు కదా? పోవు. అన్నంలో ఒక రాయి తగిలిందని విస్తరి ఎత్తి అవతల పారేసినట్టు ఫైలు మొత్తం పారేస్తావు.

లేని ఫంక్షన్ అయితే పాలీఫిల్‌తో, అంటే ఆ లోటు పూడ్చే అతుకు కోడ్‌తో, అతికించొచ్చు, రాని భాషను ఏ పాలీఫిల్లూ నేర్పలేదు. కోడంతా నీ కాలం జావాస్క్రిప్ట్‌లోకి దించాలి. దించాను. అసలు తమాషా అప్పుడు మొదలైంది. నా కాంపొనెంట్‌కు ఆధారం కస్టమ్ ఎలిమెంట్స్, అంటే పేజీ కోడ్‌లో మన సొంత ట్యాగులు చేసుకునే వీలు. అవి క్రోమ్‌కు 2016లో వచ్చాయి, సఫారీకి 2017లో, ఫైర్‌ఫాక్స్‌కు 2018లో, ఈ ముగ్గురికీ ఆ ట్యాగును కొత్త జావాస్క్రిప్ట్‌లో అసలు సిసలు 'క్లాసు'గానే రాసివ్వాలి. నీ కోసం క్లాసును పాత ఫంక్షన్‌గా మార్చేసరికి ముగ్గురూ అలిగారు. వాళ్ల అలక తీర్చడానికి ఇంకో చిన్న అడాప్టర్ ఫైలు. అది మళ్లీ కొత్త భాషలోనే ఉండాలి, కాబట్టి నీ కంట పడకూడదు, పడితే మళ్లీ గొడవ! పెళ్లిలో పళ్లు లేని తాత కోసం గారెలన్నీ నానబెట్టి, కుర్రాళ్లు తినరని వాటినే మళ్లీ వేయించి, ఆ ప్లేటు తాత చూడకుండా పెరటి దోవన పంపినట్టుంది నా బతుకు.

షాడో డామ్ సంగతి ఇంకోటి. బయటి స్టైల్స్ లోపలికి రాకుండా గోడలా అడ్డుండటం దాని పని. నీ దగ్గర ఆ గోడ లేదు, ఉన్నట్టు నటించే పాలీఫిల్ ఉంది. ముగ్గు గీసి ఇదే మా ప్రహరీ అన్నట్టు. ఇవన్నీ కలిపి అందరికీ ఒకే ఫైలుగా పంపితే నా కోడ్ కన్నా నీ మూటలే బరువు, ఆ మూటలు మోసేది నువ్వే కాదు, రొయ్యల చెరువు గట్టు మీద సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి నిలబడ్డవాడు కూడా. పాతది కదా, గౌరవించాలి అంటారు. చేపల పులుసైతే మర్నాటికి రుచెక్కుతుంది, నువ్వు పులుసు కాదు తాతా.

నీ అంతు తేలుద్దామనే మొన్న నెట్ సెంటర్‌కు పోయాను. ఓనరన్న ప్రింటరు మీది తువ్వాలుతో దుమ్ము దులుపుతున్నాడు. "కొత్త బ్రౌజర్ వేసుకోవచ్చు కదన్నా" అంటే, "వేసుకోకేం అబ్బయ్యా, ఈ వేలిముద్రల మిషను దీంట్లో తప్ప యాడా పలకదు, అది పలక్కపోతే నా షాపు మూసుకోవాల" అన్నాడు. వేలు పెట్టే చోట అద్దం అరిగి మసకబారింది. లైన్లో ఒక ముసలమ్మ పమిట కొంగుతో బొటనవేలు తుడుచుకుంటూ నిలబడి ఉంది. నాకు తిట్లు రాలేదు. నిన్ను ఆమె ఎంచుకోలేదు, ఆయనా ఎంచుకోలేదు.

అయినా సరే, ఇట్టాంటి కాంపొనెంట్లు రాయడానికి వాడే లిట్ లైబ్రరీ వాళ్లు 2023లో మూడో వెర్షన్‌తో నీకు సెలవు చెప్పారు, నేనూ చెప్తున్నా. పాలీఫిల్స్, అడాప్టర్ అన్నీ పీకేశాను. నీకో మంచి గుణముంది, కాదనను: తెలియని ట్యాగు కనబడితే రచ్చ చేయకుండా దాని లోపలున్నది అట్టే చూపిస్తావు. అందుకే నా ట్యాగు లోపల మామూలు ఇన్‌పుట్ పెట్టె ఒకటి పెట్టాను. స్క్రిప్ట్‌కు మాడ్యూల్ అని రాశాను, అట్టా రాస్తే నువ్వు దాన్ని ముట్టుకోవు. కొత్తవాళ్లకు తిథులతో క్యాలెండర్, నీకు ఖాళీ పెట్టె. విందు కాదు, చద్దన్నం.

నిన్న ఓనరన్నకు చూపించాను. తేదీ చేత్తో కొట్టాడు, ఫారం సబ్మిట్ అయింది. "మరి తిథి?" అన్నాడు. ఆయన తల వెనక గోడకు వేలాడుతున్న క్యాలెండర్ వైపు వేలు చూపించాను.

ఇట్లు,
నీ కందుకూరు మనవడు